జేబున్న జుట్టు

బడి వార్షికోత్సవం నాటకాలకి ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టిన సూదమ్మ, అందులో ఒక్క నాటకం కూడా ఎదురుగా కూర్చుని చూడలేదు. ఆమె చోటు తెర పక్కన మెట్ల దగ్గర వేసిన స్టూలు. ఒళ్లో సూదుల డబ్బా, మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు. రాజుగారి నడుంపట్టీ జారినా, చెట్టు వేషం వేసిన పిల్లకి ఆకులు రాలినా, సింహం తోక ఊడి చేతికొచ్చినా "సూదమ్మా!" అని ఒక కేక పడేది. కేక పూర్తయ్యేలోపే ఆమె చెయ్యి పనిలో ఉండేది. అక్కణ్నుంచి ఆమెకి కనిపించేవి పిల్లల వీపులు. వినిపించేది హాలు నవ్వు. నవ్వు గట్టిగా వచ్చిందంటే తన కుట్టు నిలబడిందన్నమాట, అంతే ఆమెకి కావలసింది.

అసలు పేరు ఆమెకొకటి ఉండే ఉంటుంది. బడి వాళ్లు కూడా "కుట్టు ఆవిడ" అనే రాసుకున్నారు. మొగుడు పోయిన ఏడు మిషను ముందు కూర్చుంది, మళ్లీ లేవలేదు. నోట్లో నాలుక లేని మనిషి అని వీధిలో అనుకునేవాళ్లు. నాలుక ఉంది, పాపం, దానికి ఆ గుండుసూదుల మధ్య కదలడానికి చోటుండేది కాదు.

ఇల్లు రెండు గదులూ, ముందు ఒక వసారా. ముందుగదిలో కిటికీ పక్కన మిషను. ఎదుటి గోడకి పదిహేడు మేకులు. ఒకదానికి కత్తెర్లు, ఒకదానికి లేసు చుట్టలు, ఒకదానికి కాగితం కొలతలు, ఇంకో రెంటికి సగం కుట్టిన జాకెట్లు, కొన్నింటికి ఏమీ లేవు. మధ్యలో ఒక మేకుకి రెండేళ్ల కిందటి కేలండరు. అది కోడలు తగిలించింది. కొడుకు చిన్నప్పటి ఫొటో ఒకటి ఆ మేకుకే ఉంటే, దాని మీదే తగిలించింది. ప్రతి జనవరిలోనూ అక్కడే తగిలించేది. ఆఖరిసారి తగిలించిన ఏడే జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. ఆ నెల కాగితం ఎవరూ చింపలేదు.

కోడలిది అవతలి గట్టు. ఊరికి అడ్డంగా ఏరు పోతుంది, ఏటి మీద వంతెన. అవతలి గట్టు వాళ్లు నలుపు, జుట్టు బిగుతుగా చుట్టలు చుట్టుకుని ఉంటుంది, మాట చివర కొంచెం సాగదీస్తారు. వాళ్ల ముత్తాతల ముత్తాతలు ఎక్కణ్నుంచి వచ్చారో ఎవరికీ సరిగ్గా తెలియదు కానీ, ఇవతలి గట్టు మీద ఇప్పటికీ "వాళ్లు" అనే అంటారు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేరిన కొడుకు, అక్కడే టిక్కెట్ల గదిలో పనిచేసే ఆ పిల్లని చేసుకుంటానన్నప్పుడు సూదమ్మ అరవలేదు, ఏడవలేదు. ఆర్నెల్లు కోడలి మొహంకేసి చూడలేదు, అంతే. ఏడో నెలలో ఒక పొద్దున మిషను ముందు కూర్చుంటే పిన్ను దిండులో పది సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి, పదింటికీ దారం ఎక్కించి. అప్పటికే సూదమ్మకి చూపు మందగించి, ఒక్క దారం ఎక్కించడానికి పావుగంట పట్టేది. ఆ సంగతి ఆమె కొడుక్కి కూడా చెప్పలేదు. కోడలు ఎప్పుడు కనిపెట్టిందో మరి. ఆ రోజు నుంచి డిపోకి వెళ్లబోయే ముందు రోజూ పది సూదులు. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు. సూదమ్మ మాత్రం సాయంత్రం కోడలు వచ్చే వేళకి టీ నీళ్లు పొయ్యి మీద పెట్టడం మొదలుపెట్టింది.

కోడలు పోయాక ఆ పది సూదుల పని మనవరాలు తీసుకుంది. ఎనిమిదేళ్లది, మూడో తరగతి. జుట్టు చూసి వాళ్లమ్మ "మబ్బూ" అని పిలిచేది, అదే పేరై కూర్చుంది.

ఆ జుట్టే సూదమ్మకి పెద్ద పరీక్షైంది. తల్లి పోయిన తర్వాత మొదటి ఆదివారం, తన తల దువ్వుకున్నట్టే సన్నపళ్ల దువ్వెన నడినెత్తిన పెట్టి కిందికి లాగింది. పిల్ల కెవ్వుమంది. దువ్వెన పళ్లు మూడు విరిగాయి. పిల్ల ఏడుస్తూనే చెప్పింది, "అమ్మ అలా దువ్వదు." అప్పుడు గుర్తొచ్చింది, కోడలు ఒకసారి నవ్వుతూ అన్న మాట. "చివర్నుంచి రావాలత్తయ్యా. పైనుంచి లాగితే చిక్కు ఇంకా బిగుసుకుంటుంది." తడి ఆరకముందే, అరచేతిలో నూనె రాసుకుని, ఎనిమిది పాయలు తీసి, వెడల్పు పళ్ల దువ్వెనతో చివర్నుంచి పైకి. రెండేళ్లలో సూదమ్మ వేళ్లకి ఆ తల కంఠతా వచ్చేసింది. నడినెత్తిన చుట్టలు పెన్సిలంత లావు. చెవుల దగ్గరివి అగ్గిపుల్లంత సన్నం. మెడ మీదివి మాత్రం మొండివి, ఎటు దువ్వినా ఎడమకే తిరుగుతాయి.

ఇప్పుడు చెప్పేది ఆ వేళ్ల వల్ల వచ్చిన తంటా.

బడి వార్షికోత్సవంలో రాజూ రాణీ నాటకంతో పాటు ఏటా ఒక నవ్వుల నాటకం ఉంటుంది. పేరు "కొత్త నౌకరు". ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, ఏటా ఏడో తరగతి పిల్లలు వేస్తారు. ఇప్పుడు పిల్లల్ని చూడ్డానికి వచ్చే తండ్రులు చాలామంది తమ చిన్నప్పుడు అందులో వేషం కట్టినవాళ్లే. కథేం లేదు. ఒక దొరగారింట్లో అవతలి గట్టు నుంచి ఒక నౌకరు చేరతాడు. మొహానికి మసి, తలకి విగ్గు. దొరగారు దీపం ఆర్పి "ఎక్కడున్నావురా?" అంటే, "ఇదుగో దొరగారూ!" అని పళ్లు ఇకిలిస్తాడు. దువ్వెనిస్తే జుట్టులో టక్కున విరుగుతుంది. ఆఖర్న దొరగారింట్లో పోయిన వస్తువులన్నీ వాడి జుట్టులోంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి. చెంచా, తాళంచెవి, చివరికి ఒక గుడ్డపిట్ట. పిట్ట వచ్చేసరికి హాలు పైకప్పు లేచిపోవాలి. మబ్బు ఈ ఏడే ఆ బడిలో చేరింది, ఇంకా చూడలేదు.

దానికోసం విగ్గు వెనక లోపలివైపు ఒక జేబు ఉంటుంది. ఆ జేబు సూదమ్మ కనిపెట్టిందే. ఆమె రాకముందు వస్తువులు చొక్కా చేతిలో దాచేవాళ్లట, జారిపోయేవట.

ఆ ఏడు పాత విగ్గు చివికిపోయిందని డ్రామా మేడమ్ కొత్తది చెయ్యమంది. పాతది నల్ల ఉన్ని పోగులు బొత్తులుగా కట్టి ఒక అల్లిక టోపీకి కుట్టింది. సూదమ్మ ఈసారి ఉన్నిని తడిపి, పెన్సిళ్లకి బిగించి చుట్టి, వసారాలో ఎండబెట్టింది. ఎండాక లాగితే ఉన్ని చుట్టలు చుట్టలుగా నిలబడింది. వాటిని మెడ దగ్గర్నుంచి వరసగా కుట్టుకుంటూ పైకి వచ్చింది. చెవుల దగ్గరికి అగ్గిపుల్లలకి చుట్టిన సన్న ఉన్ని పెట్టింది. మెడ మీది వరసని ఎడమకి తిప్పింది. ఎందుకలా తిప్పావని అడిగితే ఆమె ఏమీ చెప్పగలిగేది కాదు. వేళ్లు తిప్పాయి. పని కుదురుతుంటే సూదమ్మకి మనసంతా వేళ్ల చివరికి దిగిపోతుంది, తలలో ఏమీ మిగలదు.

మూడో రోజు సాయంత్రం, బోర్లించిన కుండ మీద విగ్గు పెట్టి చుట్టూ గుండుసూదులతో సర్దుతుంటే మబ్బు బడినుంచి వచ్చింది. గుమ్మంలోనే సంచీ జారవిడిచింది.

"నాన్నమ్మా! నా జుట్టు!"

దగ్గరికొచ్చి, తాకి, తన తల తాకి చూసుకుని, మళ్లీ దాన్ని తాకింది.

"ఇక్కడ సన్నవి కూడా పెట్టావు! మెడ మీదవి చూడు, అచ్చం నావే. మొండివి!" అని పకపకా నవ్వింది. "ఎవరికిది? నాటకంలో ఎవరికి? రాణికా?"

సూదమ్మ పెదాల మధ్య ఆరు గుండుసూదులున్నాయి. "ఊఁ" అంది. ఆగు, చెప్తాను, అనబోయిన ఊఁ అది. పిల్లకి అంత ఆగే ఓపికెక్కడిది? అప్పటికే వసారాలోకి పరిగెత్తి, పక్కింటి పిల్లకి గోడ మీదుగా కేకేస్తోంది. "మా నాన్నమ్మ రాణికి నా జుట్టు పెట్టిందే! వార్షికోత్సవంలో! నువ్వు నా పక్కన కూర్చో, ముందు వరసలో కూర్చుందాం!"

నోట్లో సూదులు తీసేసరికి మాట కూడా వాటితో పోయినట్టయింది. చెబుదాంలే అనుకుంది సూదమ్మ. అన్నం పెట్టేటప్పుడు చెబుదాం అనుకుంది. తెల్లారి చెబుదాం అనుకుంది. ఆమె నోరు విప్పేలోపే మూడో తరగతి మొత్తానికి తెలిసిపోయింది. మబ్బు మధ్యాహ్నం ఇంటికొచ్చి ఇంకో సంగతి చెప్పింది. "మా క్లాసులో అందరూ రోజూ నా తల మీద చేత్తో అద్ది 'స్పాంజీ, స్పాంజీ' అంటారు కదా, ఇవాళ ఎవ్వరూ అనలేదు. రాణిది కూడా ఇంతే అని చెప్పాగా!"

స్పాంజీ అంటారని సూదమ్మకి అంతవరకూ తెలియదు.

పిల్ల కుండ మీది విగ్గుని మెల్లగా ఎత్తి లోపలికి చూసింది. "నాన్నమ్మా, ఈ జేబెందుకు?"

సూదమ్మ మిషను చక్రం తిప్పి కుట్టు మొదలుపెట్టింది.

"రాణి ఇందులో ఏం దాచుకుంటుంది? ఉత్తరమా?"

"తర్వాత చెప్తాలే. ముందు కాళ్లు కడుక్కో."

విగ్గు సరిపోయిందో లేదో చూడాలని మర్నాడు రిహార్సలుకి రమ్మన్నారు. వెళ్తే తెర పక్క మెట్లకి కొత్తగా రంగు వేశారు, తడి ఆరలేదు. "అటు పోకండి సూదమ్మా, ఇవాళ్టికి దొరసానిలా ఇక్కడ కూర్చోండి" అని అటెండరు ఆమెని మూడో వరసలో కుర్చీలో కూర్చోబెట్టాడు. సూదులడబ్బా ఒళ్లో పెట్టుకుని, ఎదుటివైపు నుంచి స్టేజీ ఇంత పెద్దదా అనుకుంటూ కూర్చుంది. బడి గంటలు కొట్టే ఆయనా, ఇద్దరు టీచర్లూ, రాణి వేషం పిల్ల తల్లీ అక్కడక్కడ ఉన్నారు.

కొత్త నౌకరు వచ్చాడు. ఏడో తరగతి పిల్లాడు, మొహాన ఇంకా మసి వెయ్యలేదు. పళ్లు ఇకిలించాడు, అందరూ నవ్వారు. దువ్వెన టక్కుమంది. అందరూ నవ్వారు. సూదమ్మకి డైలాగులన్నీ నోటికొచ్చు. ఆమె పెదాలు వాటంతటవి కదులుతున్నాయి, నవ్వొచ్చే చోట నవ్వు కూడా వచ్చేసింది. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. అంతలో ఆ పిల్లాడు జేబులోంచి చెంచా తియ్యడానికి జనం వైపు వీపు తిప్పాడు.

లైటు విగ్గు వెనకభాగం మీద పడింది. మెడ మీది చుట్టలు ఎడమకి తిరిగి ఉన్నాయి. ప్రతి ఆదివారం తన మోకాళ్ల మధ్య కూర్చుని, దువ్వుతుంటే నిద్రలోకి జారిపోయి, ముందుకి వాలే తల అది. ఒక చెయ్యి అందులోకి దూరి చెంచా లాగింది. హాలు ఘొల్లుమంది.

సూదమ్మ నోరు ఇంకా నవ్వుతూనే ఉంది. చేత్తో మూసుకుని ఆపుకోవాల్సొచ్చింది.

అయిపోయాక డ్రామా మేడమ్ చప్పట్లు కొడుతూ వచ్చింది. మంచి మనిషే. పిల్లలకి గొంతు పోతే తన ఫ్లాస్కులోంచి వేడినీళ్లిస్తుంది. "సూదమ్మా, ఏం చేతులండీ మీవి! పాతది చింపిరి గుడ్డలా ఉండేది. ఇది అచ్చం వాళ్ల జుట్టే!"

"మా మబ్బుది మేడమ్."

"ఆఁ?"

"మా మనవరాలిది. మూడో తరగతి. దాని తల చూసి చేశాను."

మేడమ్ ఒక్క క్షణం తడబడింది. "అయ్యో, ఇది ఎవర్నీ ఉద్దేశించింది కాదండీ. సరదాకి. ఎన్నేళ్ల నుంచి వేస్తున్నాం? నేనూ ఇదే బడిలో చదివాను, దొరగారి వేషం నాదే. వాళ్ల పిల్లలు కూడా నవ్వుతారు, నేను కళ్లారా చూశాను."

"నవ్వుతారు మేడమ్. మా కోడలూ నవ్వేది. ఇలా..." అని సూదమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని చూపించి, ఆ చెయ్యి దించడం మర్చిపోయినట్టు కాసేపు అలాగే నిలబడింది. "పిల్ల ఆ విగ్గు రాణిదనుకుంటోంది. అందరికీ చెప్పుకుంది. ముందు వరసలో కూర్చుంటానంటోంది."

"అయితే ఒక పని చేద్దాం. ఆ ఐటం వచ్చినప్పుడు పాపని నేను లోపల మేకప్ గదిలో కూర్చోబెట్టుకుంటా. బొమ్మలవీ ఉన్నాయి. సరేనా? ఇంక మూడు రోజుల్లో ఫంక్షను, పిల్లలు నెల్నుంచి నేర్చుకుంటున్నారు, ఇప్పుడు తీసెయ్యమంటే ఎలా చెప్పండి?"

సూదమ్మ విగ్గు చేతిలోకి తీసుకుంది. "ఒక కుట్టు వదులైంది, సరిచేసి తెస్తాను" అని విగ్గు సంచీలో పెట్టుకుని ఇంటికొచ్చింది.

కొడుకు డ్యూటీ దిగి వచ్చి వసారాలో చేతులకంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. మబ్బు పక్కింట్లో ఆడుకుంటోంది. సూదమ్మ జరిగింది చెప్పింది.

"దీనికింత ఎందుకమ్మా? నేను వెయ్యలేదూ? ఏడో క్లాసులో నాకు ఫస్టు ప్రైజొచ్చింది దానికే."

"వచ్చింది. నీ మొహానికి మసి పూసింది నేనే." చెంబుతో నీళ్లు పోస్తూ అడిగింది, "మీ ఆవిడ ఏమనేదిరా?"

"ఏమీ అనేది కాదు."

"అదే అడుగుతున్నాను."

వాడు మళ్లీ సబ్బు అందుకున్నాడు. సూదమ్మ లోపలికొచ్చి మిషను ముందు కూర్చుంది. చూపు ఎదుటి గోడ మీదికి పోయింది. పదిహేడు మేకులు. టైలరింగు గదిలో మేకుల కరువా? ఏడెనిమిది ఖాళీగానే ఉన్నాయి, అప్పుడూ ఉన్నాయి. ఏళ్ల తరబడి ఆ పిల్ల ఇన్ని మేకులు వదిలేసి, స్టూలెక్కి మరీ, ఆ ఒక్క మేకుకే ప్రతి జనవరిలోనూ కేలండరు తగిలించింది.

లేచి కేలండరు తీసింది. దాని కింద గోడ సున్నం ఇంకా తెల్లగానే ఉంది. ఫ్రేములో ఏడో తరగతి కొడుకు, మొహమంతా మసి, పాత విగ్గు, చేతిలో కప్పు, చెవుల దాకా నవ్వు. దీన్ని చూపించి పెళ్లైన కొత్తలో "ఎవరో చెప్పుకో చూద్దాం" అంది సూదమ్మే, ఆర్నెల్ల మౌనం విడిచి ఆ పిల్లతో ఆడిన మొదటి పరాచికం అది. కోడలు నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వింది. సిగ్గుపడుతోందనుకుంది.

కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఒకసారి అడిగిందమ్మా. ఇది తీసేద్దామా అని. నువ్వు బాధపడతావని వద్దన్నాను. సరే, అత్తయ్యకి చెప్పకు, అంది."

సూదమ్మ ఆ ఫొటోని బోర్లా తిప్పి మిషను బల్ల మీద పెట్టింది. ఏడుపు రాలేదు. సూది గుచ్చుకున్న వెంటనే రక్తం రానట్టు, ఆ కాసేపు ఏమీ రాలేదు.

ఇక పిల్ల సంగతి మిగిలింది. మేకప్ గదిలో కూర్చోబెడితే తలుపులోంచి నవ్వు వినపడదా? పక్కింటి పిల్ల చెప్పదా? అదంతా తెలిసేదాకా దాన్ని ఆ సంతోషంతో తిరగనివ్వడమే సూదమ్మకి అన్నిటికంటే తప్పనిపించింది. మర్నాడు గురువారం, బడి విడిచాక, వసారా మెట్టు మీద మబ్బుని కూర్చోబెట్టి విగ్గు ఒళ్లో పెట్టుకుంది. నోట్లో ఒక్క సూది కూడా లేకుండా చూసుకుంది.

"ఇది రాణికి కాదమ్మా."

"మరి?"

"నౌకరు వేషానికి. మీ అమ్మావాళ్ల వైపు మనిషిలా వేషం కట్టి, జనాన్ని నవ్విస్తారు. ఈ జేబులో చెంచా పెడతారు. తాళంచెవి పెడతారు. జుట్టులోంచి తీస్తారు. అందరూ నవ్వుతారు."

మబ్బు జేబులో వేలు పెట్టి చూసింది. తర్వాత, అదేదో లెక్క తప్పు దిద్దుతున్నట్టు, "నా జుట్టులో చెంచాలుండవు" అంది.

"ఉండవమ్మా."

"నీకు తెలుసుగా. రోజూ నువ్వేగా చూస్తావు."

"తెలుసు."

"మరెందుకు కుట్టావు?"

సూదమ్మ విగ్గుని ఒళ్లో బోర్లించింది. "ఆలోచించలేదు తల్లీ" అంది. అది నిజమే. నిజం చెప్పినా నోరు చేదైంది.

పిల్ల ఏడుస్తుందనుకుంది, ఏడవలేదు. లేచి లోపలికి పోయింది. ఆ పూట అన్నం తండ్రి దగ్గరే తింది. శుక్రవారం పొద్దున తన తల తనే కట్టుకుంది. పాయలు సరిగ్గా రాలేదు, రిబ్బను ఒక చెవి మీదికి జారింది. అలాగే బడికి పోయింది. సూదమ్మ మిషను ముందు కూర్చుని పిన్ను దిండు చూసింది. పది సూదులున్నాయి. ఒక్కదానికీ దారం లేదు. నాలుక్కి తడి చేసుకుని, కన్ను చికిలించుకుని, తనే ఎక్కించుకోబోయింది. మూడో ప్రయత్నానికి వదిలేసింది.

మధ్యాహ్నం డ్రామా మేడమే ఇంటికొచ్చింది, విగ్గు కోసం. చెప్పులు విప్పి వసారాలో నిలబడింది.

"కుట్టు అయిపోయిందా సూదమ్మా?"

"ఇవ్వను మేడమ్."

ఇరవై రెండేళ్లలో ఆ మాట ఆ నోట్లోంచి రాలేదు. మేడమ్‌కి అది వినడమూ కొత్తే, సూదమ్మకి అనడమూ కొత్తే. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"రాణికైతే ఇస్తాను. పెట్టుకుంటారా?"

"రాణికి ఈ జుట్టు ఏం బాగుంటుందండీ..." అంటూనే మేడమ్ సగంలో ఆగింది. గుమ్మంలోంచి కనిపిస్తున్న మిషను వైపు, గోడ వైపు చూసింది. చెంపలు ఎర్రబడ్డాయి. "సరేలెండి. పాతదుందిగా, ఈ ఏటికి దాంతో లాగించేస్తాం" అని చెప్పులేసుకుంది.

పాతదీ సూదమ్మ చేసిందే. దాని జేబు కూడా. ఎన్నని విప్పుకుంటూ వస్తుంది?

శనివారం సాయంత్రం వార్షికోత్సవం. మబ్బు రానంది, ఎవరూ బలవంతపెట్టలేదు. తండ్రి దానికి తోడుగా ఇంట్లో ఉన్నాడు. సూదమ్మ సూదులడబ్బా లేకుండా, టేపు లేకుండా, ఉతికిన చీర కట్టుకుని వెళ్లి జనం మధ్య కూర్చుంది. తను ఇన్నాళ్లూ కుట్టిందేమిటో ఒకసారి మొత్తం చూడాలనుకుంది. అటెండరు వచ్చి, "అదేంటి, స్టూలు అక్కడుంటే ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు. "ఇవాళ నేను చూట్టానికొచ్చా" అంది.

కొత్త నౌకరు వచ్చాడు. ఈసారి మసి కూడా ఉంది. పాత విగ్గు ఒక పక్కకి ఒరిగింది, లోపలి జేబు బయటికి కనిపిస్తూనే ఉంది, అయినా జనం కడుపులు పట్టుకుని నవ్వారు. పక్క కుర్చీలో ఆయన సూదమ్మ మోచేతిని పొడిచి "పిట్ట! ఇప్పుడు పిట్టొస్తుంది చూడండి!" అన్నాడు, తన చిన్నప్పటి వేషం గుర్తొచ్చిందేమో, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నాడు. సూదమ్మ మొహం నవ్వలేదు. పట్టి ఉంచాల్సొచ్చింది, ఎందుకంటే నవ్వు వచ్చే చోట్లు ఆ మొహానికి తెలుసు.

రెండు వరసల ముందు అవతలి గట్టావిడ ఒకామె ఉంది, ఒళ్లో చంటిపిల్ల. చేత్తో నోరు మూసుకుంది. అందరూ ఆమె కూడా నవ్వుతోందనే అనుకుంటారు. చెంచా వచ్చింది, తాళంచెవి వచ్చింది. సూదమ్మ స్టేజీని వదిలేసి ఆ చేతి పైన కనిపిస్తున్న కళ్లనే చూసింది. పిట్ట వచ్చాక ఆ చెయ్యి కిందికి దిగి, చంటిదాని తల మీది టోపీని చెవుల దాకా లాగింది.

వెలుతురుండగానే సూదమ్మ ఇంటికి వచ్చేసింది. మబ్బు వసారా మెట్టు మీదే ఉంది, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని.

"నవ్వారా?"

"నవ్వారు."

"అందరూనా?"

"చాలామంది."

"నువ్వు?"

"నవ్వలేదు."

పిల్ల ఆమె మొహం పరీక్షగా చూసింది. "పోయినేడు?"

సూదమ్మ మెట్టు మీద కూర్చుని చెప్పుల దుమ్ము దులుపుకుంది. లేదని చెబితే ఈ పూటకి సరిపోయేది. "నవ్వాను" అంది. "అంతకుముందేడు కూడా నవ్వాను. తెర పక్కనుంచి."

మబ్బు లోపలికి వెళ్లి విగ్గు పట్టుకొచ్చి సూదమ్మ ఒళ్లో పడేసింది. దాని వెనక జేబు లేదు. చిన్న కత్తెరతో కుట్లు కోసి పీకేసింది, పీకడంలో టోపీ అల్లిక కూడా కొంచెం చిరిగి, వేలు పట్టేంత కన్నం పడింది. ఆ కన్నాన్ని మూద్దామని ఎవరో నల్లదారంతో నాలుగు కుట్లు అడ్డదిడ్డంగా వేశారు. సూది ఇంకా అందులోనే వేలాడుతోంది, దారంతో సహా.

"మిగతాది నాకు రాలేదు. నువ్వు కుట్టు."

"కుట్టి?"

"నా దగ్గర పెట్టుకుంటా. ఎవ్వరికీ ఇవ్వం."

సూదమ్మ ఆ సూది అందుకుని, మసక పడకముందే కుట్టడం మొదలుపెట్టింది. పిల్ల పక్కన కూర్చోలేదు, వసారా గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని, ప్రతి కుట్టూ చూస్తూ నిలబడింది. నాలుగు కుట్లు పడ్డాక అంది, "రేపు ఆదివారం. నీళ్లు మరీ వేడిగా పెట్టకు, పోయినసారి కాలాయి."